కుండ వడకట్టిన పెళ్లికొడుకు

రాజం వడకట్టనిది నోట్లో పోసుకోడు. నీళ్లు, చల్ల, చాయ్, ఆఖరికి కల్లు కూడా తువ్వాలలోంచి దిగాల్సిందే. 1957 ఎండాకాలంలో పెళ్లిచూపులకు పోయి, కంగారులో పౌడరు ముఖం తుడుచుకున్న తువ్వాలతోనే కాబోయే మామ రాయమల్లు చాయ్ వడకట్టాడు. ఆయన గుటకేసి, వాసన బాగుందన్నాడు.

అక్కడితో ఆగితే పిల్ల దక్కేది. రాజం నీళ్ల కుండ తెప్పించి, మొత్తం వడకట్టాడు.

"మా ఇంటి నీళ్లల్ల ఏం కనవడ్డదిరా నీకు?"

"కనవడదు మామా. గా దిగుడుబావి నీళ్లల్ల నారికురుపు పురుగుంటది. ఏడాదికి కాళ్లకెల్లి బయటికొస్తది."

"పెండ్లే కాలే, అప్పుడే మామనట! నడువుండ్రి!"

దోస్తుగా వెంటపోయిన నాకూ ఆ 'నడువుండ్రి'లో వాటా దక్కింది.

రాజం టీకాల ఉద్యోగి. పట్నం డాక్టరు పంపే కొత్త గోలీలు నారికురుపు రోగులకిచ్చి, గుణం రాయడం కూడా వాడి పనే. రెండేళ్లలో ఏడు రకాలొచ్చాయి. నోటుబుక్కు నిండా ఒకటే మాట: 'గుణం లేదు.' మందు దొరికేదాకా బట్టే దిక్కని వాడి నమ్మకం.

మరుసటి ఎండాకాలం రాజం చూసొచ్చిన పిల్ల, రాయమల్లు బిడ్డ కనకవ్వ మడమలో తెల్లటి దారం కొస కనిపించింది. ఆ పురుగును పుల్లకు చుట్టి రోజుకు వేలెడు తియ్యాలి. మధ్యలో తెగిందా, కాలు చీము పట్టి పిల్ల జన్మంతా కుంటాల్సిందే. ఆ పని తెలిసింది రాజానికే. వాణ్ని పిలుచుకురమ్మని రాయమల్లు తలవంచుకుని నన్నే పంపాడు.

ఎందరి కాళ్లకో చుట్టినవాడు ఆ కాలు దగ్గర గబగబా గుంజబోయాడు. కనకవ్వ చిన్ననాటి నుంచీ మగ్గానికి నూలు కండెలు చుట్టిన పిల్ల.

"గట్ల గుంజితె నూలన్న ఆగుతదా? తడుపుకుంట, జర మెల్లగ చుట్టు."

"నాకే నేర్పుతవా?"

"తెగితె కుంటేది నేను. నేర్పనా మరి?"

రాజం తడుపుతూ, మెల్లగా చుట్టడం నేర్చుకున్నాడు. చెయ్యి కుదిరింది.

పదో రోజున ఆమే అడిగింది: "గప్పుడు పెండ్లిచూపులల్ల నీ గలాసొక్కటి వడగట్టుకుంటె అయిపోతుండె. కుండెందుకు తెప్పిచ్చినవ్?"

"నేను గలాసెడు తాగి పోయేటోన్ని. మిగిలినయి తాగేది నువ్వే గదా."

కనకవ్వ కాలు అదిరింది.

"కదలకు!" అని అరిచాడు రాజం.

ఇరవై మూడో రోజున పురుగు తెగకుండా వచ్చేసింది. కాలు దక్కింది. రాజం మాత్రం మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. మూడో పొద్దున రాయమల్లు గడపలోనే ఆపాడు.

"పురుగెల్లి మూడొద్దులాయె. రోజూ ఇంకెందుకొస్తున్నవురా?"

"పిల్లను మా ఇంటికి తోలుండ్రి మామా, వచ్చుడు బందు జేస్త."