కొండెక్కే పాఠం

సత్యవాణి టీచరు దగ్గర చదివిన పిల్లల్ని దీవుల్లోని హోప్ టౌన్ అనే పల్లెలో రాతను బట్టే గుర్తుపట్టేవారు. తెలుగైనా, ఇంగ్లీషు కలిపిరాతైనా అక్షరాలు గీత మీద కుదురుగా కూర్చునేవి. అందరూ చేపలు పట్టుకుని బతికే ఇళ్ల పిల్లలే. అవతలి ఒడ్డున పట్నంలోని షాదీపూర్ నుంచి వచ్చి, ఫీనిక్స్ బే రేవులో బోటెక్కి రోజూ బడికి చేరేది ఆమె. "రాత బాగుంటే తలరాతా బాగుంటుంది" అనేది. సెలవులొస్తే నాలుగు గీతల పుస్తకాలిచ్చి, ఒక్క మడత పడకుండా తిరిగి తెమ్మనేది.

సునామీ వచ్చిన ఏడాది డిసెంబరులోనూ అలాగే ఇచ్చింది. ఆదివారం పొద్దున భూమి ఊగింది. కాసేపటికి సముద్రం ఊళ్లోకి వచ్చింది. కన్నబాబు అనే నాలుగో తరగతి పిల్లవాడు అందరితోపాటు బడి వెనక కొండెక్కాడు. మొదటి అల వెనక్కి తగ్గగానే, టీచరమ్మ పుస్తకం తడిసిపోతుందంటూ కిందికి దిగాడు. రెండో అల వాణ్ణి తీసుకుపోయింది.

ఈ సంగతి వాడి తల్లి యర్రమ్మే టీచరుకు చెప్పింది, సహాయ శిబిరంలో గంజి కోసం వరుసలో నిలబడినప్పుడు. కోపంగా చెప్పలేదు. తిట్టి ఉంటే బాగుండేదని సత్యవాణికి చాలాకాలం అనిపించింది.

బడి మళ్లీ తెరిచేనాటికి అక్కడ నేలే కుంగిపోయి ఉంది. మునుపు ఎక్కడో దూరాన ఆగే పోటునీరు ఇప్పుడు పున్నమికీ అమావాస్యకీ బడి ప్రహరీ దాకా వచ్చి, చప్పుడు లేకుండా వెనక్కి పోయేది. బావి ఉప్పుదేలింది. కొబ్బరిచెట్లు నిలబడే ఎండిపోయాయి. బయట లారీ వెళ్లినా చాలు, పిల్లలు రాత ఆపి గుమ్మం వైపు చూసేవారు.

సత్యవాణి కలిపిరాత పీరియడ్ ఎత్తేసింది. ఆ వేళకు పిల్లల్ని కొండెక్కించడం మొదలుపెట్టింది. తాడు ముడి వెయ్యడం, నీళ్లు కాచుకోవడం, మోకాటిలోతు నీళ్లలో వెల్లకిలా తేలడం, అడిగినవాళ్లకు తల్లిదండ్రుల పేర్లు తడుముకోకుండా చెప్పడం కూడా నేర్పింది. అన్నిటికన్నా ముందు ఒక మాట వల్లె వేయించేది.

"భూమి ఊగితే కొండెక్కు. దేనికోసమూ, ఎవరికోసమూ వెనక్కి తిరగకు."

హెడ్మాస్టరు మధుబాబుకు ఇది నచ్చలేదు. "సత్యవాణిగారూ, పిల్లల రాత చూశారా? కోడి కెలికినట్టుంది. రేపు పెద్ద పరీక్షల్లో కొండెక్కారని మార్కులేస్తారా?"

"కెలకడానికైనా చెయ్యంటూ మిగలాలి కదండీ."

"అదలా ఉంచండి. ఎవరికోసమూ తిరగొద్దని పసివాళ్లకి చెప్పొచ్చా?"

"తిరిగితే ఏమవుతుందో చూశాం కదండీ" అంది ఆమె. ఆయన ఆపమనీ అనలేదు. ఒప్పుకోనూ లేదు.

ఏళ్లు గడిచాయి. సునామీ నాటికి చంటిపిల్లగా ఉన్న ప్రమోద నాలుగో తరగతికి వచ్చింది. గురమ్మ కూతురు. కొండెక్కడంలో అందరికన్నా ముందుండేది.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం బెంచీలు ఊగాయి. ఊగడం ఎంతకీ ఆగలేదు. ఒక్క పిల్లా ఏడవలేదు. ఎవరూ చెప్పకుండానే వరుసకట్టి కొండదారి పట్టారు. కింద రోడ్డు మీద పోలీసు జీపు మైకులో సముద్రం దగ్గర ఎవరూ ఉండొద్దని హిందీలో అరుస్తోంది.

ఆ దారి పక్కనే ప్రమోద వాళ్ల ఇల్లు. వాళ్ల తాత రాముడు అరుగు మీంచి కర్ర ఊతంగా లేస్తున్నాడు. ఒక కాలు ఈడుస్తాడాయన.

"పెమోదా, సెయ్యందియ్యే" అన్నాడు.

ప్రమోద అటు చూసింది. తల తిప్పుకుని ముందుకు పరుగెత్తింది. చివర్న వస్తున్న సత్యవాణీ ఆయన్ని చూసింది. ఆమె చంకలో ఒకటో తరగతి పసిది, చేతిలో మరికొన్ని చిన్న చేతులు. ఆమె కూడా ఆగలేదు.

పైకి చేరాక తలలు లెక్కపెట్టుకుంది. అందరూ ఉన్నారు. ఎన్నో ఏళ్లకు ఆమె గుండె తేలికపడింది. పొద్దువాలేదాకా అందరూ సముద్రాన్ని చూస్తూ కూర్చున్నారు. అది కదలకుండా సీసం రంగులో పడి ఉంది. అల రాలేదు. ప్రమాదం తప్పిందని కబురొచ్చింది.

దిగేటప్పుడు దారి మలుపులో, రాళ్ల కాలవలో రాముడు కనిపించాడు. ఒంటరిగా ఎక్కబోయి జారాడు. తుంటి విరిగింది. అవతలి ఒడ్డున ఆసుపత్రికి చేర్చారు గానీ ఆయన మళ్లీ లేవలేదు. వానలు పట్టకముందే పోయాడు.

సత్యవాణి పలకరించడానికి వెళితే గురమ్మ చేపలు తోముతూ తలెత్తకుండానే మాట్లాడింది.

"సునామీ నాడు పెమోదని బుజానేసుకొని కొండెక్కింది ఆ ముసలోడే టీచరమ్మా. కాలు ఇరిగింది కూడా ఆ పొద్దే. పిల్లకి రాత నేర్పమని నీ కాడికి అంపితే, మనిషిని ఒగ్గేసి పోడం నేర్పినావు."

"నీళ్లొచ్చి ఉంటే, గురమ్మా..."

"వచ్చుంటే నీ మాట సహీ. రాలేదు గదా."

ప్రమోద గోడవారన కూర్చుని ఉంది. "టీచర్, తాత పిలిచింది నాకు వినపడింది. నేను తిరగలేదు. ఠీక్ చేశానా?" అని అడిగింది.

సత్యవాణి ఆ పిల్ల తల నిమిరింది. "సరిగ్గానే చేశావమ్మా" అంది. అబద్ధం కాదు. అయినా ఆ మాట అన్నాక పిల్ల ముఖం చూడలేకపోయింది.

ఆ తర్వాత ఆమె కలిపిరాత మళ్లీ మొదలుపెట్టింది. కొండెక్కడం మానలేదు. వల్లె వేయించే మాటలో 'ఎవరికోసమూ' తీసేసింది. పిల్లలు మాత్రం అలవాటుకొద్దీ దాన్ని కలిపే చెప్పేవారు.

జూలైలో ఒకనాడు కొండెక్కే పాఠానికి గంట కొట్టగానే తరగతంతా లేచి పరుగెత్తింది. ప్రమోద లేవలేదు. నాలుగు గీతల పుస్తకంలో వంచిన తల ఎత్తకుండా రాస్తూనే ఉంది.

"లే ప్రమోదా."

"మీరు పోండి టీచర్. ఎవరికోసమూ ఆగొద్దు గదా."

ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. సత్యవాణి ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. ఆ పిల్ల బెంచీ అంచును పట్టుకుని బిగుసుకుపోయింది. కాసేపటికి టీచరు లాగడం మాని, పక్కనే కూర్చుంది. పైన పిల్లలు తలలు లెక్కపెట్టుకుని, ఇద్దరు తక్కువయ్యారని కేకలు వేస్తున్నారు.