ఖాళీ లాగదు

నిన్న మా వీధి చివర ఎవరో శ్లాబు పోస్తుంటే, ఆ తడి కాంక్రీటు వాసనకు రత్నకుమారి గారు గుర్తొచ్చి నిలబడిపోయాను. నెల్లూరులో ఆమె నడిపిన చిన్న డిజైన్ ఆఫీసులోనే నేను ఇంజనీరుగా పని నేర్చుకున్నాను. కట్టడాన్ని ముందు కంప్యూటరులో నిలబెట్టి, ఎక్కడ ఎంత ఇనుము కావాలో చెప్పడం మా పని.

అప్పట్లో మైపాడు దాటాక, పడవలు ఆగడానికి సముద్రంలోకి ఒక జెట్టీ కడుతున్నారు. లెక్కంతా ఆమెదే. సముద్రంలో వాయుగుండం ఉందని హెచ్చరిక రావడంతో, వాన పడేలోపే దూలాలూ శ్లాబూ పోసేయాలని అందరూ తొందరపడుతున్నారు. కాంక్రీటు లారీలు వచ్చేలోగా నాకు నేర్పుదామని, ఆమె రేకుల షెడ్డులో లాప్‌టాప్ తెరిచి, అల తాకితే జెట్టీ ఎలా కదులుతుందో చూపించసాగారు. జెట్టీ రెండు ముక్కలు; మధ్యలో రెండు వేళ్ల ఖాళీ. తెరమీద ఒక ముక్క అవతలికి జరిగితే, రెండోది దాని వెంటే పోతోంది. ఆమె ఆ ఖాళీ మీద వేలు పెట్టారు.

"సునీతా, ఈ రెండింటి మధ్య ఏముంది?"

"ఖాళీ, మేడమ్."

"ఖాళీ లాగుతుందా?"

తప్పేమిటో అప్పుడు అర్థమైంది. పడవ గుద్దితే ఖాళీ మూసుకుపోయి ఒక ముక్క రెండోదానికి ఆనుతుంది, అది నిజమే. దూరంగా జరిగితే మాత్రం పట్టుకునేదేమీ ఉండదు. కంప్యూటరు లెక్కలో అక్కడ నెట్టడం మాత్రమే తెలిసిన బంధం పెట్టాల్సింది పోయి, ఆమె లాగడం కూడా తెలిసిన స్ప్రింగు పెట్టారు. దాంతో స్తంభాలు దూలాలతో కలిసేచోట భారం తక్కువగా కనిపించింది. ఆ తక్కువ లెక్క ప్రకారమే ఇనుము అప్పటికే కట్టేశారు. తప్పు జరిగిందని మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

బయట లారీల చప్పుడు వినిపించింది. ఆమె లేచి, నేరుగా కాంట్రాక్టరు శీనయ్య దగ్గరికి నడిచారు.

"శీనయ్యా, పొయ్యొద్దు. నా లెక్క తప్పింది."

"ఏంది మేడమ్ ఇది! లారీలొచ్చేసినాయి, వాన నెత్తిన ఉండాది. మీరే గదా సరేనని సంతకం పెట్టినారు?"

"పెట్టినాను. తప్పు పెట్టినాను. ఆపు."

"పైవాళ్లకి ఏం చెప్పమంటారు?"

"నా పేరు చెప్పు."

కూలీలంతా ఆమెనే చూస్తున్నారు. గాలికి షెడ్డు రేకులు కొట్టుకుంటున్నాయి. శీనయ్య విసురుగా చెయ్యెత్తి లారీలను వెనక్కి తిప్పించాడు.

ఆఫీసుకొచ్చి బంధం మార్చి మళ్లీ లెక్క వేశాం. స్తంభాలు తట్టుకుంటాయి; దూలాలతో కలిసేచోట మాత్రం ఇనుము చాలదు. వాన వెలిశాక అదనపు కడ్డీలు కట్టించి శ్లాబు పోయించారు. జెట్టీ కట్టించినవాళ్లు తర్వాతి పనిని మాత్రం వేరే ఆఫీసుకిచ్చారు. నేను ఉక్రోషం పట్టలేక, "ఎవరికీ తెలిసేది కాదు గదా మేడమ్?" అన్నాను.

"తెలిసేది. దానిమీద నిలబడి వల దులుపుకునేవాళ్లకి తెలిసేది," అన్నారు.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. లెక్క అనుకున్నదానికన్నా అందంగా వచ్చిందని ఎవరైనా సంబరంగా చూపిస్తే, నాకు లోపల బెరుకు మొదలవుతుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏది దేన్ని పట్టుకుని నిలబడిందో చూపించు" అంటాను.