రింబా ఇంటి రోగి

డబ్బు లేకుండా సుఖముంటుందా అన్న వాదన ఎన్నో రేవుల్లో విన్నాను, ఎన్నో పుస్తకాల్లో చదివాను. ప్రతిసారీ నాకు తూర్పు దీవుల్లో, తొరాజా కొండల మీద ఉండే రింబా అనే ఆవిడ గుర్తొస్తుంది. అక్కడ దున్నపోతును బలిచ్చి సాగనంపితేగాని చనిపోయినవాడు చనిపోయినట్టు కాదు. అంతవరకూ అతను, చెడకుండా మందు పట్టించి ఇంట్లో పడుకోబెట్టిన రోగే. దున్నను కొనే స్తోమత లేక రింబా భర్త తాండి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాడు. బతికినన్నాళ్లూ గనుల వెంట తిరిగి, ఇంటిపట్టున నిలవని మనిషి. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆమె అతని పక్కన కాఫీ పెట్టి పొలం కబుర్లు చెబుతుంటే, కదలకుండా వింటున్నాడు.

ఒక సాయంత్రం ఆమె మరిది సాంపె దున్నను కొని తెచ్చి, స్తంభాల మీద నిలబెట్టిన ఆ ఇంటి కింద, ఒక స్తంభానికి కట్టేశాడు.

"వదినా, ఇక అన్నయ్యను సాగనంపుదాం. ఊళ్లో నవ్వుతున్నారు."

"నవ్వనీ. మీ అన్నకి ఇంకా ప్రయాణం చేసే ఓపిక రాలేదు."

"ఎప్పుడూ ఇదే మాట. ఓపిక లేనిది ఆయనకా, నీకా?"

కింద దున్న స్తంభానికి కొమ్ములు రుద్దుకుంటే ఇల్లంతా అదిరింది. రింబా గబగబా లోపలికెళ్లి భర్త మీద దుప్పటి సర్దింది.

"గాలిలే," అంది. "పడుకో."