వంక లేని ప్లాట్లు

కర్నూలు నుంచి కడపకు వస్తూ, బస్సులో పక్క సీటు పెద్దాయనకు మా వెంచరు మ్యాపు చూపించాను. ఏజెంటుగా అది నా మొదటి వారం.

"ఈ ప్లాట్లకు వంక పెట్టేదానికి లేదు పెద్దాయనా."

ఆయన వెంచరు ఏ ఊర్లోనో అడిగి, మ్యాపు మీద వేలితో అడ్డంగా గీత గీశాడు. "వంక ఉండాది కదప్పా. వానొస్తే ఈడనే పారుతాది. ఆడ గొర్రెలు మేపినోణ్ణి నేను. నువ్వు ఎండినప్పుడు చూసింటావు."

నేనన్నది లోపం, ఆయనన్నది వాగు. మరుసటి రోజే మా అక్క అందులో ప్లాటు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. వెంటనే ఫోన్ చేసి ఆపించాను. ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి పెద్దాయన మైదుకూరులో దిగిపోయాడు.

ఇప్పటికీ కొనేవాళ్లు వంకేమైనా ఉందా అని అడిగితే, అక్కడ గొర్రెలు మేపేవాళ్లను అడిగి చెప్తానంటాను.