సౌండ్స్ ఫోల్డర్‌లో లేని గొంతు

రెండేళ్ల కిందట వానలు మొదలైన వారంలో, హిందీ మాట్లాడే మా ఉక్కు ఊళ్లో, సోనారి పేటలోని ఒక చిన్న ఆఫీసులో బిల్డ్ అసిస్టెంటుగా చేరాను. మేం చేసేది మోడ్‌లు. అంటే వీడియో గేమ్ ఆడేవాళ్లు దానికి అదనంగా తగిలించుకునే భాగాలు. నాది ఇంటర్ చదువు, పైన ఆరు నెలల కంప్యూటర్ కోర్సు. నాపైన లీడ్ ధనంజయ్ భయ్యా ఒక్కడే. ఆ పని మానేసి చాలా రోజులైంది కానీ ఆ ఒక్క ఉదయం సంగతి మాత్రం చెప్పాలి.

అప్పుడు చేస్తున్నది ఇనుము కార్ఖానా ఉన్న ఊరి మోడ్. అందులో నాలుగు ప్రాజెక్టులు: గేటు, మనుషులు, సౌండ్స్, వీటిని కలిపే మెయిన్. ఒక్క కమాండు ఇస్తే నాలుగూ వరసగా తయారవుతాయి. దాన్నే బిల్డ్ అంటాం. ఏది దేనిమీద ఆధారపడిందో ప్రతి ప్రాజెక్టు ఫైల్లోనూ రాయడమే నా పని.

గేటు దగ్గర నిలబడి డ్యూటీకి కేకేసే మనిషికి గొంతు కావాల్సి వచ్చింది. మేముండే గోల్‌మురి పేటలో మా పక్క క్వార్టర్ సింహాచలం మావయ్యను తీసుకెళ్లాను. ఆయన కార్ఖానాలో కాంట్రాక్టు గేట్‌మన్‌గా ఏళ్ల తరబడి అరిచిన మనిషి. మా టీము పేర్లన్నీ పిలిచి, నవ్వుకుంటూ వెళ్లాడు. నెల తిరక్కుండా గుండెపోటుతో పోయాడు.

మూడో రోజున ఆయన భార్య పైడమ్మత్త నన్ను పిలిచింది.

"అమ్మీ, ఆ గొంతు తీసెయ్యే. ఇంకా డూటీకి పిలుత్తంటే ఆ మనిసి ఎలా ఎల్తాడు? పెద్దకర్మలోపు తీసెయ్యాల."

"హో జాయేగా అత్తా, అయిపోద్ది, నువ్వేటీ బెంగెట్టుకోకు," అన్నాను.

అదే రోజు సౌండ్స్ ఫోల్డర్‌లో ఆయన ఫైళ్లన్నీ చెరిపేసి బిల్డ్ చేశాను. ఒక్క తప్పూ చూపించలేదు. తీసేశానని ఆవిడకి చెప్పేశాను. ఆట తెరిచి వినలేదు.

పెద్దకర్మ ముందురోజు ఉదయం ఆవిడే ఆటో ఎక్కి ఆఫీసుకొచ్చింది. "నా సెవుల్తో ఇనాల," అంది. కుర్చీ వేసి ఆట తెరిచాను. తెర మీద గేటు వచ్చింది.

"ఒలే లలితా, లేటయిపోనావే, బేగి రా! గేటు మూసెత్తారు!"

మావయ్య గొంతే, పిలిచింది నన్నే. ధనంజయ్ భయ్యా తన సీటులోంచి లేచి, "యే కౌన్ బులా రహా హై? తూనే తో హటా దియా థా!" అన్నాడు, ఎవరు పిలుస్తున్నారు, నువ్వు తీసేశావు కదా అని.

పాత బిల్డులన్నీ తుడిచేశాను. నాలుగు ప్రాజెక్టుల్లోనూ వెతికాను. ఆ గొంతు ఫైలు ఒక్కటి కూడా లేదు. మళ్లీ మొదటి నుంచి బిల్డ్ చేసి తెరిచాను. ఈసారి కేక కాదు, ఇంట్లో మాట్లాడినట్టు నెమ్మదిగా వచ్చింది.

"పైడీ... ఒలే పైడీ, టీ ఎట్టేవేటి?"

"ఎట్టేను, వత్తన్నా," అంది పైడమ్మత్త.

అనేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. పోయినవాళ్లు పిలిస్తే పలక్కూడదంటారు మాలో. భయ్యా నా వంక చూశాడు, నేను స్పీకరు వంక. ఆవిడ పేరు మేం రికార్డు చేయించలేదు.

ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాను. ఏ ప్రాజెక్టు దేన్ని ఎక్కడినుంచి తెచ్చుకుంటోందో కంప్యూటర్‌తో లిస్టు తీయించాను. గేటు ప్రాజెక్టు పక్కనున్న సౌండ్స్ ఫోల్డర్ని చూడటమే లేదు. మా ఇంకో మోడ్‌కి కూడా పనికొస్తాయని ఆ సౌండ్స్‌ని లైబ్రరీగా, అంటే ఒకే మూటగా కట్టి, కంప్యూటర్లో వేరే చోట దాచి ఉంచాం. గేటు ఆ పాత కాపీని తెచ్చుకుంటోంది. అక్కడినుంచి తెచ్చుకోమని రాసింది నేనే. బిల్డ్ చేస్తే ఆ కాపీ మారదు, కొత్తదాన్ని అక్కడికి విడిగా పంపాలి.

ఆ కాపీ విప్పితే ఆవిడ పేరూ దొరికింది. ఆ రోజు రికార్డింగ్ ఆపకముందే మావయ్య ఇంటికి ఫోన్ చేశాడు. ఆ ముక్క కూడా కేకల్లో కలిసిపోయింది; ఆట తెరిచినప్పుడల్లా వాటిలో ఏదో ఒకటి వినిపిస్తుంది.

దాచిన కాపీ చెరిపాను. గేటు ఫైల్లో ఆ లైను మార్చి పక్క ఫోల్డర్నే చూడమని రాశాను. మూడోసారి ఆట తెరిచాను.

గేటు దగ్గర మనిషి నిలబడ్డాడు. గొంతు రాలేదు. కానీ పెదాలు కదిలాయి. పెదాల కదలిక మనుషుల ప్రాజెక్టులో ఉంటుంది, దాన్ని నేను ముట్టుకోలేదు. పెదాలు కదిలినంతసేపూ పైడమ్మత్త తెరకేసి చూస్తూనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఈసారి పలకలేదు.

మర్నాడు పెద్దకర్మ జరిగింది.

ఫోల్డర్‌లో లేనంత మాత్రాన బిల్డులో లేనట్టు కాదు. తుడిచేసిన చోటు చూసి తృప్తి పడకూడదు, దాన్ని ఇంకా ఎవరు తెచ్చుకుంటున్నారో చూడాలి. ఆ తర్వాత ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ, ఆ లిస్టు చదివి, ఆట తెరిచి, చెవులతో వినకుండా తీసేశానని ఎవరికీ చెప్పలేదు.