కామా దగ్గర తెగిన కబురు

మా కంప్యూటర్ మాస్టారు పోయారు. పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేశారు. మేమంతా ఆవిడను అమ్మగారనే పిలిచేవాళ్లం. "మీ మాస్టారు నిద్దట్లోనే ఎలిపోయారు బాబూ. పిల్లలందరి నంబర్లూ నీ దగ్గరున్నాయని సెప్పీవోరు. కబురెట్టీ నాయినా. సాయంత్రానికి నాగావళి ఒడ్డుకి తీసుకెళ్లిపోతారంట" అన్నారు. ఆ ఒక్క పనీ నాకు సరిగ్గా చేతకాలేదు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ముందు సిగ్గే ముంచుకొస్తోంది.

శ్రీకాకుళంలో ఓ ఇరుకు సందులో, తన ఇంటి వరండాలోనే, పాత కంప్యూటర్లు పెట్టుకుని ప్రోగ్రామింగ్ నేర్పేవారాయన. పక్క వీధిలో టైలు కట్టుకుని ఇంగ్లీషులో చెప్పేవాళ్లుండేవారు. మాస్టారికి లుంగీ, చొక్కా జేబులో సుద్దముక్క, మా ఊళ్ల భాష. పల్లెల నుంచి వచ్చే బస్సు ఆలస్యమైతే పాఠం మొదలుపెట్టేవారు కాదు. టౌన్ వాళ్లు విసుక్కుంటే, "బస్సు లేటయితే పాఠం లేటవుతాది. పిల్లల తప్పేటున్నాదిరా అందులో?" అని కసిరేవారు.

స్ప్లిట్ గురించి, అంటే రాసినదాన్ని ముక్కలుగా కొయ్యడం గురించి చెప్పిన రోజు బాగా గుర్తు. బోర్డు మీద 'బెండకాయలు, టమాటాలు, చింతపండు' అని రాసి, కామా కనబడ్డ చోటల్లా కొయ్యమని మెషీనుకు చెప్పమన్నారు. మూడు ముక్కలొచ్చాయి. మురిసిపోయాం. ఆయన టమాటాలు చెరిపేసి అక్కడ 'లేతవి' అని రాశారు. మళ్లీ మూడు ముక్కలే. "ఒరే, లేతవి అనే కూరగాయ ఏ బజార్లో దొరుకుతాదిరా? నేనూ ఎల్తాను" అన్నారు. వరండా అంతా నవ్వులు. నవ్వులు ఆగాక మెల్లగా అన్నారు: "కొయ్యడం కత్తికొచ్చు. ఎక్కడ కొయ్యాలో కత్తికి తెల్దు. అది నువ్వు సూసుకోవాలి." ఆ తర్వాత మేమేం రాసి చూపించినా ముందు అదే ప్రశ్న. "కోసీసినావు సరే, ముక్కలు సూసుకున్నావేటి?"

చేరిన కొత్తలో అందరం మా పేరు, ఊరు, ఫోన్ నంబరు ఒకే వరసలో, మధ్య కామాలు పెట్టి, కంప్యూటర్లో మేమే కొట్టుకోవాలి. పల్లె పిల్లలు ఊరి పేరు దగ్గర తటపటాయిస్తే ఆయనకు కోపం. "ఊరూ రాయండి, మండలమూ రాయండి. సిగ్గేటి? అక్కడి అన్నం తినే కదా పెరిగారు!" కళింగపట్నం నుంచి వచ్చే ఓ అమ్మాయి ఉండేది, చేపలు ఎండబెట్టుకునేవాళ్ల పిల్ల. ఆమె 'కళింగపట్నం, గార మండలం' అని కొట్టి నా వైపు చూసి నవ్వింది. మాది రామతీర్థం దగ్గర చిన్న పల్లె. నేను మాత్రం 'విజయనగరం' అని కొట్టి ఊరుకున్నాను.

ఆ వివరాలన్నీ నాకే అప్పజెప్పారు మాస్టారు. ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా పని. ఆ ధీమాతోనే ఆ పొద్దున చకచకా నాలుగు లైన్లు రాశాను. ప్రతి వరసనూ కామాల దగ్గర కొయ్యి, మూడో ముక్క నంబరు, దానికి కబురు పంపు. నంబరు లేకపోతే నోరెత్తకుండా దాటిపో. నా వరస మీదే పరీక్షించాను. నా ఫోన్ మోగింది. అంతా బాగుందనుకుని, అందరికీ పంపించేశానని అమ్మగారికి చెప్పి బయల్దేరాను.

హైదరాబాదు నుంచి కొందరు ఉరుకులు పరుగుల మీద వచ్చారు. వైజాగ్ వాళ్లొచ్చారు. పక్కనున్న పల్లెల వాళ్లు ఒక్కరూ రాలేదు. పాడె కడుతుంటే అమ్మగారు నన్ను పిలిచి, "ఊళ్ల పిల్లలు ఒక్కలూ రాలేదేటి బాబూ? ఆలంటే పేనం కదా ఈయనకి. ఎప్పుడైనా ఏటైనా అనీసారేటి?" అని అడిగారు. "ఊడ్పుల రోజులు కదమ్మా" అన్నాను. పైకి అలా అన్నాను గానీ, విశ్వాసం లేని మనుషులని లోపల వాళ్లను తిట్టుకున్నాను కూడా.

మర్నాడు కళింగపట్నం అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, మాస్టారు పోయారంట, నిజవేనా? బస్సులో ఎవులో అనుకుంతన్నారు. నాకొక్క ముక్క సెప్పలేకపోయావేటి?" అప్పుడు తీసి చూశాను. మూడో ముక్కలో నంబరు లేదు, 'గార మండలం' ఉంది; నంబరు నాలుగో ముక్కలోకి జరిగిపోయింది. ఊరూ మండలమూ రాసిన ప్రతి వరసలోనూ అంతే. ఆయన మాట విన్నవాళ్లెవరికీ ఆయన పోయిన కబురు అందలేదు. ఊరు దాచుకున్న నాకు అందింది.

ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను. ఆ మర్నాడు ఆటోల్లో అందరూ వచ్చారు. వాళ్ల ఎదుటే అమ్మగారికి చెప్పాను. "వీళ్లకు కబురే వెళ్లలేదమ్మా. తప్పు నాది. ఊడ్పులని మీతో అన్నది కూడా అబద్ధమే." ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "అయితే ఆయన్ని మరిసిపోలేదన్నమాట" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. తిట్టినా బాగుండేది.

కళింగపట్నం అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మాస్టార్ని ఎక్కడ పడుకోబెట్టారు?" అంది. వరండాలో దీపం వెలుగుతున్న చోటు చూపించాను. "కాళ్లెటేపు?" అంది. చేత్తో చూపించాను. ఆ అమ్మాయి వంగి, ఉత్త గచ్చు మీద రెండు చేతులూ ఆన్చి కళ్లకద్దుకుంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. పొద్దున కడిగిన గచ్చు ఇంకా ఆరలేదు. ఆ తడి చేతులే కళ్లకద్దుకుని, వెనకవాళ్లకు చోటిస్తూ ఒక్కొక్కరే పక్కకు జరుగుతున్నారు.