వాన చూడటానికి వీసా

ఆ దేశం పేరు ఇక్కడ రాయను. ఎప్పుడైనా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవలసి వస్తే అడ్డం రాకూడదని నా ముందుజాగ్రత్త. యూరప్‌లో ఉంటుంది, చిన్నదట, పచ్చగా ఉంటుందట, ఏడాది పొడుగునా వాన పడుతుందట. ఈ ‘అట’లన్నీ మా ఇంట్లో రెండు నెలలు ఉండి వెళ్ళిన ఒక పెద్దావిడ చెప్పినవి.

మా ఊరు బెళుగుప్పకు అవతల. తొంభైల చివర్లో ఒక వేసవిలో, నేలల గురించి పరిశోధన చేసే ఆవిడ ఎండిన బావులు చూడటానికి ఆ దేశం నుంచి వచ్చింది. మా వైపు చూడటానికి ఉన్నవి ముఖ్యంగా అవే. నేను అనంతపురంలో కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని, సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. ఊళ్ళో ఆమెతో మాట్లాడగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి మా ఇంట్లోనే దిగింది. పొద్దున్నే సంగటి, ఊరిబిండి పచ్చడి తిని, గొడుగు వేసుకుని బావుల వెంట తిరిగేది. సాయంత్రం ఉతికిన బట్టలు చూస్తుండగానే ఆరిపోతే రోజూ కొత్తగా ఆశ్చర్యపోయేది. వాళ్ళ దేశంలో బట్టలు ఆరనే ఆరవట. వాన వదలదట. వానంటేనే ఆమెకు విసుగట.

వానంటే విసుగు అన్న మాటను నేను తెలుగు చేసి చెప్పినప్పుడు మా నాయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సరిగ్గా విన్నావా, మళ్ళీ అడుగు అన్నాడు. మళ్ళీ అడిగాను, అదే జవాబు. అయితే వాళ్ళు కప్పల పెండ్లి బాగా చేస్తారేమో కనుక్కోమన్నాడు. కప్పలకు పెళ్ళేమిటని ఆమె నవ్వింది. అక్కడ వాన కోసం ఎవరూ ఏమీ చెయ్యరని, అడక్కుండానే పడుతుందని చెప్పింది. అడక్కుండా పడే వాన ఆ రోజు నుంచి మా నాయన మనసులో తిష్ఠ వేసింది.

మరుసటి రోజు ఆ సంగతి టీ అంగడి దగ్గర చెప్పాడు. అక్కడే తప్పు జరిగింది. మా నాయన మాటకు ఊళ్ళో విలువ ఉండేది. గట్టు తగాదా వస్తే ఆయన ఇంతవరకు నీది, ఇంతవరకు వానిది అని చూపితే ఇద్దరూ తల ఊపి పోయేవాళ్ళు. అలాంటి మనిషి మాటను ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ నమ్మలేదు. దొరసాని నీ చెవిలో పువ్వు పెట్టిందన్నారు. ఆమె వెళ్ళిపోయాక కూడా వదల్లేదు. ఆకాశంలో ఒక మబ్బు తేలి, మమ్మల్ని చూసి, కర్ణాటక వైపు వెళ్ళిపోయినప్పుడల్లా ఎవడో ఒకడు, ‘ఏమన్నా, మీ దొరసాని ఊర్లో వాన నిలిచిందా?’ అని అడిగేవాడు. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. ఇది ఏళ్ళ తరబడి సాగింది. నాయన పైకి నవ్వేవాడు గానీ ఇంటికి వచ్చాక అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

అందుకే ఆమె ఉద్యోగం విరమించి, నన్నూ నాయననూ రమ్మని, ఫలానా నెలల్లో అయితే వాన తప్పనిసరి అని ఆహ్వానం పంపినప్పుడు నాయన ఆలోచించలేదు. తిరుపతికి కూడా అమ్మ పోరు పడలేక పోయే మనిషి ఆయన. పోదాం అన్నాడు.

“సూసొచ్చి చెప్పల్ల మా. నేను అబద్దం చెప్పలేదని వాళ్ళకు తెలియల్ల.”

ఆయనకు కావలసింది అంతే. పాస్‌పోర్టులు చేయించాను, కాగితాలు కూడబెట్టడం మొదలుపెట్టాను. వీసా ఇచ్చేవాళ్ళు మొదట అడిగేది, నీకు ఇక్కడ ఏముంది అని. ఉన్నవాడు తిరిగి వస్తాడు, లేనివాడు అక్కడే ఉండిపోతాడు అని వాళ్ళ లెక్క. మా మండలాఫీసుకు పోయి నాయన ఆదాయానికి ఒక సర్టిఫికెట్ కావాలన్నాను. గుమాస్తా అలవాటుగా ఎంత తక్కువ రాయమంటారని అడిగాడు. ఎక్కువే రాయండి, ఉన్నంతా రాయండి అన్నాను. ఆయన కలం పక్కన పెట్టి నన్ను కింది నుంచి పైకి చూశాడు. తన సర్వీసులో అట్లా అడిగిన మొదటి మనిషి నేనేనట. పైగా మాది కరువు మండలమని ప్రభుత్వమే ప్రకటించింది, ఇందులో ఒకడికి ఆదాయం ఉందని రాస్తే రేపు తన ఉద్యోగానికే మోసం వస్తుందని భయపడ్డాడు. చివరికి ఆయన రాసిచ్చిన అంకె చూస్తే మాకు వీసా కాదు, రేషన్ బియ్యం ఇచ్చేటట్టు ఉంది. దాన్ని ఫైల్లో పెట్టలేదు.

దాని బదులు నా జీతం కాగితం, బ్యాంకు కాగితాలు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి ఫోటో, చీనీ తోట, అంటే బత్తాయి తోట ఫోటో పెట్టాను. మాకున్న బోర్లలో ఒక్కదాంట్లో మాత్రం నీళ్ళు బాగానే ఉండేవి. దాని కింద చీనీ చెట్లు కళకళలాడుతూ ఉండేవి. ప్రయాణానికి ఇన్సూరెన్స్ కూడా తప్పదంటే చేయించాను. నాయన ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, ఆడ వాన పడకపోతే దుడ్లు ఇస్తారా అని అడిగాడు. పంటల ఇన్సూరెన్స్ తప్ప ఇంకొకటి తెలియని జిల్లాలో అది సబబైన ప్రశ్నే.

ఆ తర్వాత ఆయనకు పాఠం మొదలుపెట్టాను. నాయనా, అక్కడ మనకు లేదని అనకూడదు, భూమి ఉంది, బోరు ఉంది, తోట ఉంది, నేను తిరిగి రావాలి అని చెప్పాలి. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అట్లే మా, అట్లే అన్నాడు. వీసా ఇచ్చే ఆఫీసు మద్రాసులో ఉంది, గుంతకల్లులో రైలెక్కేదాకా చెబుతూనే ఉన్నాను.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. వాన మొండిచెయ్యి చూపిన ఏడు, పంట నష్టం రాసుకోవడానికి అధికారులు వస్తారు. ఆ రోజు ఊరు ఊరంతా వేషం మారుస్తుంది. మోటారుసైకిళ్ళు గడ్డివామి వెనక్కి పోతాయి. ఆడవాళ్ళు పాత చీరలు కడతారు. చిన్నప్పుడు నా కాళ్ళకున్న కొత్త చెప్పులు అమ్మ ఊడబెరికి దాచేది. వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇస్తారు గానీ కాఫీ ఇవ్వరు, కాఫీ ఇస్తే ఉన్నోళ్ళనుకుంటారు. చేనంతా గాలించి అన్నిటికంటే పాడైన వేరుశనగ చెట్టును పీకి, కాయలు లేని వేళ్ళు కనిపించేటట్టు అధికారి ముందు పెడతారు. నష్టం నిజమే. ఎండిన చేను ఎండినట్టే ఉంటుంది. కానీ నిజం చెబితే ఎవరికీ కనిపించదు, దాన్ని ఎత్తి చూపాలి. నాయన ఈ విద్యలో ఆరితేరినవాడు. మేము మద్రాసు బయలుదేరిన వారమే అధికారులు మా ఊరికి వచ్చి పోయారు.

మద్రాసులో ఆ వీసా కార్యాలయం ముందు గేటు దగ్గరే మా టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, నాయన బీడీకట్ట తీసి పెట్టుకున్నారు. ఆయన చేతిసంచిలో తువ్వాలు చుట్టి ఉన్నది ఏమిటని కాపలావాడు విప్పి చూసి, మళ్ళీ చుట్టి ఇచ్చేశాడు. నిషేధించిన వస్తువుల పట్టీలో అది లేదు కాబోలు. నేను ఫైలు సర్దుకునే హడావుడిలో పట్టించుకోలేదు.

లోపల ఆఫీసరు కుర్రవాడు, ఎర్రగా, నవ్వుముఖంతో ఉన్నాడు. పక్కన తెలుగు వచ్చిన ఒకావిడ, మాటలు అటూ ఇటూ అందించడానికి. నన్ను అడిగినప్పుడే మాట్లాడమన్నారు. నాయన్ని మొదట అడిగింది, మా దేశం ఎందుకు వెళ్తున్నారు అని.

“వాన సూసేదానికి.”

ఆవిడ ఒకసారి నా వైపు చూసి, అదే చెప్పింది. ఆఫీసరు పగలబడి నవ్వాడు. ఆ వాన తప్పించుకోవడానికే తాను మన దేశం వచ్చానన్నాడు. నాయన కూడా నవ్వాడు. పెద్దావిడ చెప్పింది నిజమేనని ఒక అధికారి నోట విన్నాడు మరి. వీసా చేతికొచ్చినట్టే అనుకున్నాను. అప్పుడు ఆ కుర్రవాడు కలం తీసి, కాగితం ముందుకు లాక్కుని, వ్యవసాయం ఎలా ఉంది అని అడిగాడు.

అధికారి, కలం, కాగితం, వ్యవసాయం. నాయన భుజం మీది తువ్వాలు చేతి మీదికి జారింది. నడుము కొద్దిగా వంగింది. గొంతు మారింది. ఆ గొంతు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

“ఏముండాది సార్. వానల్యాక శెనక్కాయంతా ఎండిపాయ. బోర్లల్లో దుమ్ము వస్తాండాది. మీరే దయ సూపల్ల.”

అని సంచిలోంచి తువ్వాలు మూట తీసి, విప్పి, ఎండిన వేరుశనగ చెట్టును మా బ్యాంకు కాగితాల మీద పెట్టాడు. వేళ్ళు పైకి తిప్పి మరీ పెట్టాడు. మట్టి రాలింది. ఆ వారం అధికారులకు చూపిన చెట్లలోనే మంచిది, అంటే అన్నిటికంటే చెడ్డది, ఏరి తెచ్చాడు. తెలుగావిడ తన ధర్మం తాను పాటించి, ఒక్క మాట కూడా వదలకుండా అంతా చెప్పింది. ఆఫీసరు చీనీ తోట ఫోటో చూశాడు, చెట్టును చూశాడు, నన్ను చూశాడు. తర్వాత నవ్వకుండా ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. రాసుకుంటున్నాడంటే నష్టం నమోదైందని నాయన తృప్తిగా నా వైపు చూశాడు.

నేను కల్పించుకుని తోట నిజమే, బోరు నిజమే అన్నాను. మరి ఆయన చెప్పింది అబద్ధమా అని ఆఫీసరు అడిగాడు. అదీ నిజమే అన్నాను. ఏ మాటకామాటే, ఆ రెండూ నిజమే. అది మా జిల్లాలో పుట్టినవాళ్ళకు తప్ప అర్థం కాదు. మరుసటి రోజు సాయంత్రం వచ్చి పాస్‌పోర్టులు తీసుకొమ్మన్నారు.

బయటికి వచ్చి రోడ్డు మీదనే నాయన మీద విరుచుకుపడ్డాను. నెల రోజులు నేను చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావన్నాను. ఆయన బీడీ ముట్టించుకుని, నేను అలిసిపోయేదాకా ఆగి, నెమ్మదిగా అడిగాడు.

“ఉండాదన్నోనికి ఏ ఆఫీసరన్నా ఏమన్నా ఇచ్చినాడా మా? నువ్వే చెప్పు.”

నా చదువుకు వచ్చిన స్కాలర్‌షిప్పు కూడా లేదంటేనే వచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మా వైపు లేదనందే అధికారి పెట్టడు. ఆయన అరవై ఏళ్ళ అనుభవం ముందు నా నెల రోజుల పాఠం ఎంత?

మరుసటి సాయంత్రం పాస్‌పోర్టులతో పాటు ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చారు. రెండిట్లోనూ ఒకే మాట. ఏం రాసినారని నాయన అడిగాడు. చెప్పక తప్పలేదు. ‘పోతే నువ్వు తిరిగి వస్తావని వాళ్ళకు నమ్మకం కుదరలేదంట నాయనా’ అన్నాను.

ఆయన ముందు నేనే తప్పుగా చదివాననుకున్నాడు. ఆ రోజు పెద్దావిడ మాటకు అడిగినట్టే, సరిగ్గా చూసి చెప్పు అన్నాడు. మళ్ళీ చదివి అదే చెప్పాను. అప్పుడు ప్రహరీ పక్కన ఉన్న దిమ్మె మీద కూర్చున్నాడు. దీపావళి దాటితే మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. జనం బెంగళూరుకు మట్టి పనికి పోతారు, కొందరు కేరళకు పోతారు. పోయేవాళ్ళంతా తాళంచెవులు తెచ్చి మా నాయన చేతికే ఇస్తారు, ఆయన ఎక్కడికీ పోడని. మా నడవలో గోడకు మేకు కొట్టి గుత్తులు గుత్తులుగా వేలాడదీసి ఉండేవి. ఆయన తమ్ముళ్ళు ముగ్గురూ భూమి కౌలుకిచ్చి వెళ్ళిపోయారు. ఈయన మాత్రం ఆ ఎర్రమట్టిని పట్టుకుని కూర్చున్నాడు. ఆ మనిషి తిరిగి రాడట.

“యాడికీ పోకుండా ఉన్నేదానికి కాయితం యాడ ఇస్తారు మా?” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కోపం వస్తే బాగుండేది, కోపంతో బతకడం నాకు అలవాటే. రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. తాడిపత్రి దాటాక, పెద్దామెకు జాబు రాసేటప్పుడు రానీలేదని రాయొద్దన్నాడు. తన దేశం తన చుట్టాలను గుమ్మం దగ్గరే ఆపిందని తెలిస్తే ఆమెకు తలకొట్టేసినట్టవుతుందట. చేన్లో పని పడిందని రాయమన్నాడు. ఆ ఏడు మా చేన్లో పీకడానికి కూడా ఏమీ లేదు.

నా భయమంతా టీ అంగడి గురించి. బస్సు దిగితే దాన్ని దాటకుండా ఇంటికి పోలేం. మేము దిగేసరికి అందరూ ఉన్నారు. ‘ఏమన్నా, సూసినావా వాన?’ అని ఒకడు అప్పుడే ఎత్తుకున్నాడు. పోదాం రా నాయనా అని చెయ్యి పట్టుకున్నాను. ఆయన వదిలించుకుని బల్ల మీద కూర్చుని టీ చెప్పాడు. రానీలేదప్పా అన్నాడు. అంగడంతా ఘొల్లుమంది. అయితే వాన లేదన్నమాటే అన్నాడు ఇంకొకడు. నాయన టీ సగం తాగేదాకా వాళ్ళను నవ్వనిచ్చాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు.

“గేటు కాడ తుపాకి పట్టుకోని ఒగడు. లోపల ఒగడు, ఆ లోపల ఇంగొగడు. ఎవురప్పా నువ్వు, యాందానికి వస్తాండావు, ఎప్పుడు పోతావు అని అడిగిందే అడగతారు. ఎండిపోయిన చేనికి ఎవుడన్నా అంత కావిలి పెడతాడా?”

ఎవరూ నవ్వలేదు. కావలి కాయడం అంటే ఏమిటో అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఆ దేశంలో వాన పడదని ఆ తర్వాత మా ఊళ్ళో అన్నవాడు లేడు.